సత్రంలో చోటు

“చోటు లేదు” అన్న మాట అబద్ధమైతే తప్పేనని ఎవరినడిగినా చెబుతారు. నిజమైతే? నిజంగానే చోటు లేక, లేదని చెప్పి తలుపు వేసుకున్నవాడి మీద ఏమైనా దోషం ఉంటుందా? ఈ ప్రశ్న నేను నీతిశాస్త్ర గ్రంథాల్లోంచి తెచ్చుకున్నది కాదు. ఒక మిత్రుడితో కలిసి క్రిస్మస్ నాటకం చూడడానికి యానాం వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు ఇది నా వెంట వచ్చింది, ఇంకా ఇంట్లోనే ఉంది.

మా మిత్రుడి స్వగ్రామం యానాం. మద్రాసులో ఇద్దరం ఒకే ఆఫీసులో ఇరవయ్యేళ్ళకి పైగా పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. రిటైరయ్యాక కూడా రెండు వీధుల దూరంలోనే ఉంటున్నాం. వాడు క్రైస్తవుడు, నేను కాను. ఈ తేడా మా మధ్య ఎప్పుడూ పెద్ద విషయం కాలేదని నేను చాలాకాలం అనుకుంటూ వచ్చాను. ఎందుకు “అనుకుంటూ వచ్చాను” అంటున్నానో తర్వాత చెబుతాను. వాళ్ళ పేటలో ఏటా క్రిస్మస్‌కి పిల్లలూ పెద్దలూ కలిసి నాటకం వేస్తారు. “చిన్నప్పుడు నేనూ వేషం కట్టేవాణ్ణిరా, ఒక్కసారైనా చూద్దువుగాని రా” అని ఏళ్ళతరబడి పిలుస్తుంటే, మొన్నటి డిసెంబరులో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాకినాడలో దిగి, అక్కణ్ణించి తాళ్ళరేవు మీదుగా బస్సులో వెళ్ళాం.

యానాం గురించి మన పత్రిక చదివేవాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే ముక్క అదొక్కటే. విస్తీర్ణం ముప్ఫై చదరపు కిలోమీటర్లు. తన రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకి పైన దూరం, చుట్టూతా మాత్రం ఆంధ్రదేశం. 1954 జూన్ 13న అక్కడ ఫ్రెంచి పాలన ముగిసింది. ఊరు ఊరంతా తెలుగే, ప్రభుత్వం లెక్కల్లో మాత్రం అల్పసంఖ్యాకులు. మన స్థితిని తిరగేసినట్టు ఉంటుంది. 1929లో శారదా చట్టం వచ్చాక, ఆ చట్టం చెల్లని పరాయి గడ్డ కాబట్టి చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పసిపిల్లల్ని ఇక్కడికి తెచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. కల్యాణపురమని పేరు కూడా పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ చోటిచ్చిన ఊరన్నమాట. చోటివ్వడం ప్రతిసారీ పుణ్యమే కాదని కూడా ఈ ఊరి చరిత్రే చెబుతుంది. అది అలా ఉంచుదాం.

నాటకం ఫ్రెంచివాళ్ళ కాలంలో 1846లో కట్టిన పెద్ద కేథలిక్ చర్చిలో కాదు. వాళ్ళ పేటలో ఒక చిన్న సంఘం వాళ్ళు వీధికడ్డంగా షామియానా కట్టి, బల్లలు కలిపి వేసిన వేదిక మీద. వెదురుబద్దల నక్షత్రం, దాన్లో చైనా బల్బులు. తెరలకి దుప్పట్లు. ముందు చాపల మీద పిల్లలు, వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దలు, ఆ వెనక స్కూటర్ల మీద కూర్చున్న కుర్రాళ్ళు. క్రైస్తవులే కాదు, వీధి వీధంతా వచ్చింది. తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురూ వాళ్ళమ్మల పట్టుచీరలు భుజాల మీంచి కప్పుకుని వచ్చారు. హేరోదు అట్టకిరీటం, మెలేసిన మీసం, అచ్చం మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడే. పద్యం ఒక్కటే తక్కువ. రాజనేవాడు ఎవడైనా సరే గోదావరి జిల్లాలో వేదికెక్కితే తొడ కొట్టక తప్పదు కాబోలు.

వాడు నా చెవిలో ఇంగ్లండు సంగతి చెప్పడం మొదలెట్టాడు. కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు మనవరాలితో అక్కడి క్రిస్మస్ పాంటోమైమ్ చూశాడట. ఆ మాటకి మనం మూకాభినయం అని అర్థం చెప్పుకుంటాం గాని, అక్కడ దాన్లో మౌనమన్నదే ఉండదట. మగవాడు ముసలమ్మ వేషం కట్టి ప్రేక్షకుల్ని ఆటపట్టిస్తాడు. దుష్టపాత్ర వేదికకి ఎడమవైపునించి వస్తుంది, మంచి దేవత కుడివైపునించి వస్తుంది. దుష్టుడు రాగానే హాలు హాలంతా బుసకొడుతుంది. వాడు వెనకనించి దొంగలా వస్తుంటే పిల్లలు “నీ వెనకే, నీ వెనకే” అని గొంతు చించుకుంటారు. “మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా జనంతో మాట్లాడరూ, అలాగన్నమాట” అన్నాడు. “ఎవణ్ణి చూసి బుసకొట్టాలో వాళ్ళకి ముందే తెలుసురా. ఎడమవైపునించి వస్తాడు కదా. మహా సుఖం.” ఆ ఆఖరిమాట అప్పుడు నాకు పట్టలేదు.

తరవాత రంగం సత్రం. వేదిక మీద ఒక బల్ల, లెక్కల పుస్తకం, బల్ల వెనక మెడలో తువ్వాలు వేసుకుని ఓ పాతికేళ్ళ కుర్రాడు. హాస్యమంతా అతని మీదే పెట్టారు. యోసేపూ మరియా వచ్చి చోటడిగితే అతను తల ఎత్తకుండా “ఏసీయా, నాన్ ఏసీయా?” అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. “ఆధార్ కార్డు ఉందా అండీ?” అన్నాడు. యోసేపు వేసిన అబ్బాయి బిక్కమొహంతో “మేం ఆ లెక్కల్లో రాయించుకోడానికే వచ్చామండి” అన్నాడు. కైసరు ఔగుస్తు ప్రజాసంఖ్య రాయమన్నందుకే కదా వాళ్ళు బేత్లెహేము వచ్చింది. రాసినవాడెవడో గాని తెలివైనవాడు. స్కూటర్ల మీద కుర్రాళ్ళు ఈలలు వేశారు. అంతలో సత్రంవాడు “చోటు లేదు, పొండి పొండి” అని పుస్తకం మూశాడు. అప్పుడు చాపల మీంచి ఒక పిల్ల లేచి “ఉంది! లోపల ఖాళీయే!” అని అరిచింది. దుప్పటితెర పక్కనించి వెనక ఏముందో దానికి కనబడుతోంది మరి. ఇంక పిల్లలందరూ అందుకున్నారు. “ఉంది! ఉంది! అబద్ధం! అబద్ధం!” సత్రంవాడు వాళ్ళని బెదిరించాడు, వాళ్ళు మరీ అరిచారు. మా వాడు చెప్పిన ఇంగ్లండు హాలు యానాం వీధిలో దిగినట్టయింది.

నేను పడిపడి నవ్వుతూ వాడివైపు తిరిగాను. వాడు నవ్వడం లేదు. కుర్రాడి మొహంలోకి చూస్తున్నాడు, లెక్కలో తేడా వచ్చినప్పుడు ఆఫీసులో లెడ్జరు వైపు చూసినట్టు.

“నా వేషం అదే” అన్నాడు తరవాత. “మూడేళ్ళు వరసగా నేనే సత్రంవాణ్ణి. అప్పట్లో ఆధార్ కార్డు లేదు గాని, చప్పట్లు నాకే పడేవి.”

ఇక్కడ నాకొక సందేహం. సత్రానికి యజమాని ఉండడమేమిటి? మన భాషలో సత్రమంటే ధర్మానికి కట్టినది. దాత ఎక్కడో ఉంటాడు, లేదా ఎప్పుడో పోయి ఉంటాడు. చూసుకోడానికో గుమాస్తా ఉంటాడు. డబ్బు పుచ్చుకుని పడక ఇచ్చేదాన్ని లాడ్జి అంటాం. లూకా సువార్త తెలుగు చేసినవాళ్ళు సత్రము అనే మాట వాడారు. ఆ మాట పుచ్చుకుని నాటకాలవాళ్ళు దానికో యజమానిని తగిలించారు. నేను ఇంటికొచ్చాక సువార్తలో ఆ ఘట్టం మూడుసార్లు చదివాను. సత్రంవాడు లేడు. తలుపు తట్టడం లేదు, పొమ్మనడం లేదు. చోటు లేనందువల్ల తల్లి బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెట్టిందని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాడు లూకా. మత్తయి సువార్తలో అయితే ఆ ప్రస్తావనే లేదు. జ్ఞానులు ఒక ఇంట్లోకి వెళ్ళారని ఉంది. మరి రెండు వేల ఏళ్ళనాటి కథలో మనం ప్రతి డిసెంబరులో బుసకొట్టే ఈ మనిషి ఎక్కణ్ణించి వచ్చాడు? మనం తెచ్చుకున్నాం. చోటు లేకపోతే లేదన్నవాడు ఒకడుండాలి, ఉన్నవాడు చెడ్డవాడై ఉండాలి, వాడు ఎడమవైపునించి రావాలి. అప్పుడు మనం చాపల మీద కూర్చుని అరవొచ్చు.

అదే లూకాలో నిజంగా ఒక పూటకూళ్ళవాడు ఉన్నాడు, వేరే కథలో. దొంగలు కొట్టి పడేసిన బాటసారిని సమరయుడొకడు తీసుకెళ్ళి అప్పగిస్తాడు చూడండి, అతనికి. రెండు దేనారాలు పుచ్చుకుని, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్న మాట నమ్మి, గాయాలతో ఉన్న పరాయివాణ్ణి ఉంచుకున్నాడు. ముక్కూ మొహం తెలియనివాడి మాట మీద అప్పు పెట్టిన ఆ మనిషిని ఎవరూ పొగడరు, నాటకాల్లో పెట్టరు. మనకి పూటకూళ్ళు అనగానే కన్యాశుల్కంలో చీపురుకట్టే జ్ఞాపకం వస్తుందాయె.

నాటకం అయ్యాక బిర్యానీ పెట్టారు. తిని, వాళ్ళ పాతింటికి నడిచాం. ఇప్పుడు అందులో వాళ్ళ తమ్ముడి కుటుంబం ఉంటోంది. వీధరుగు మీద కూర్చున్నాం. గౌతమి మీంచి గాలి చల్లగా ఉంది. వాడు చెప్పినది ఇది.

1996 నవంబరు 6. తండ్రికి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి వచ్చాడు. ఆ రాత్రి తుపాను కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరితోటలు తోటలకి తోటలే పడుకున్నాయి. మీలో ఆ వైపు బంధువులున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వీళ్ళది ఆ సందులో ఒకే ఒక్క డాబా. సాయంత్రంనించీ ఏటిగట్టు వైపు పాకల్లోంచి జనం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళనల్లా లోపలికి రమ్మన్నారు. వాళ్ళమ్మ ఉన్న బియ్యమంతా గంజి కాచింది. రెండు గదులు, వసారా, వంటిల్లు. తొమ్మిదయ్యేసరికి మనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చున్నారు. గాలి పెరిగాక వీధితలుపుకి గడియ కాక, అడ్డంగా రోకలి పెట్టి, నలుగురు మగవాళ్ళు వీపులానించి నిలబడ్డారు. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఆ సమయంలో ఊడితే లోపలికి దూరిన గాలి కిటికీల్ని, పైన వసారా రేకుల్ని లేపుకుపోతుంది. ఇది వాడి సాకు కాదు. తీరప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు.

పదింటికి ఎవరో తలుపు కొట్టారు. ఆడమనిషి గొంతు. ఏం చెబుతోందో గాలిలో వినబడలేదు. వీడే అరిచాడు లోపల్నించి: “చోటు లేదు! బడికి పొండి!” మళ్ళీ కొట్టారు. ఈసారి ఒక మాట వినబడింది, “పిల్లల్నయినా” అని. వీడు మళ్ళీ అదే అరిచాడు. తరవాత కొట్టలేదు.

“ఎవరో తెలిసిందా?” అన్నాను.

“తెలీదు. పొద్దున్నే బడికి పోయి చూశాను. చాలామంది ఉన్నారు. రాత్రి మా తలుపు కొట్టిందెవరండీ అని అడగలేకపోయాను. ఎలా అడుగుతాం?”

“చోటు లేదుగా మరి. నిజమే చెప్పావు.”

“నిజమే” అన్నాడు. కాసేపాగి, “లెక్కపెట్టలేదురా” అన్నాడు.

“ఏమిటి?”

“వెనక్కి తిరిగి చూడలేదు. చూసి, లేదని చెప్పలేదు. లేదని ముందే నోట్లో ఉంది. మూడేళ్ళు చప్పట్లు కొట్టించుకున్న డైలాగు కదా, గొంతు కూడా అదే వచ్చింది.” నవ్వబోయాడు గాని కుదరలేదు. “పొద్దున చూశాను. లోపలిగదిలో మంచం ఉంది. దాని మీద టీవీ పెట్టాం, నీళ్ళొస్తాయని. పక్కన మా అమ్మ కుట్టుమిషను, రెండు బస్తాల ధాన్యం. దుప్పటి కప్పి ఉంచాం. ఆ చివర ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు.”

వాణ్ణి ఊరడించాలని నాకనిపించింది. ఊరడింపుకి నా దగ్గరున్నది చదువొక్కటే. అక్కడే తప్పు చేశాను. అంతకు కొన్నాళ్ళ ముందు చదివిన సంగతి ఒకటి చెప్పాను. లూకా వాడిన గ్రీకు మాట కటాలుమ. దానికి పూటకూళ్ళ ఇల్లని అర్థం కాదు. పూటకూళ్ళింటికి ఆయన వేరే మాట వాడాడు, పండొకెయోన్ అని, అందరినీ చేర్చుకునే చోటని దాని వ్యుత్పత్తి. కటాలుమ అంటే వచ్చినవాళ్ళు దిగే గది. శిష్యులతో ఆఖరి భోజనం చేసిన గదికీ అదే మాట వాడారు, అక్కడ మన తెలుగు బైబిలు విడిది గది అంది. చక్కటి మాట. అందుచేత కొందరు పండితులు ఏమంటారంటే, యోసేపు వెళ్ళింది సత్రానికి కాదు, తన పూర్వీకుల ఊళ్ళో చుట్టాలింటికి. జనాభా లెక్కల జనంతో విడిది గది నిండిపోయింది. ఆ దేశపు పేదల ఇళ్ళల్లో మనుషులుండే గదిలోనే ఒక పక్క రాత్రిళ్ళు పశువుల్ని కట్టేసుకునేవారు, తొట్లు అక్కడే ఉండేవి. మన పల్లెల్లో ఒకే కప్పు కింద వసారాలో ఆవుని కట్టుకోవడం చూసిన తరం మనది, మనకి ఇది వింత కాదు. కాబట్టి బిడ్డని తొట్టిలో పెట్టారంటే వెళ్ళగొట్టారని కాదు, ఇంట్లోకే రానిచ్చారని.

“అందుచేత ఆ కథలో ఎవడూ తలుపు వెయ్యలేదురా. సత్రంవాడు ఉత్త కల్పన. నువ్వు ఎవడి వేషం వేశానని బాధపడుతున్నావో వాడసలు లేడు” అన్నాను. నాకు నేనే భేషుగ్గా మాట్లాడాననిపించింది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “అంటే ఇల్లు నిండిపోయి కూడా చుట్టూ చూశారన్నమాట. తొట్టి కనబడింది వాళ్ళకి” అన్నాడు.

నేనిచ్చిన మందు అలా పనిచేసింది. సత్రంవాడు ఉన్నంతకాలం వాడికి ఒక తోడు ఉండేవాడు, రెండు వేల ఏళ్ళ పాతవాడు. ఆ ఒక్క తోడునీ లాగేశాను.

ఇప్పుడు నా సంగతి. రాయకుండా దాటేద్దామనే చూశాను. 1983లో మద్రాసులో మేమిద్దరం అద్దె ఇళ్ళ కోసం తిరుగుతున్నాం. మనవాళ్ళందరికీ ఆ తిరుగుడు తెలుసు. భాష అడుగుతారు, కులం అడక్కుండా తెలుసుకుంటారు, వంట ఏమిటంటారు. ఒక ఇల్లు వాడికి నచ్చింది. ఇంటాయన మర్యాదస్థుడు, కాఫీ కూడా ఇప్పించాడు. వాడి పేరు అడిగాడు. విని, “అయ్యో, నిన్ననే ఒకళ్ళు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారండీ” అన్నాడు. చోటు లేదన్నమాట. నెల తిరక్కుండా ఆ ఇల్లే ఖాళీగా ఉందని నాకు తెలిసింది. నేనొక్కణ్ణే వెళ్ళాను. నా పేరు చెప్పాను. ఇచ్చాడు. మా ఆవిడకి ఏడో నెల, అద్దె తక్కువ, బావి ఉంది. కారణాలన్నీ నిజమే. సామాను మోయడానికి వాడు వచ్చాడు. బీరువా ఒక కొస వాడు, ఒక కొస నేను పట్టుకుని ఆ మెట్లెక్కాం. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళున్నాను. వాడు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అరుగు మీద ఆ రాత్రి కూడా ఎత్తలేదు. తుపానులో తలుపు తియ్యని మనిషికి ధర్మసూక్ష్మాలు చెప్పి ఊరడించిన మనిషి ఎవరో పాఠకులకి తెలియడం మంచిదని ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి వస్తాను. ఇంటాయన చెప్పింది అబద్ధం. దాన్ని తూచడం సులువు. నేను అసలు “లేదు” అనలేదు, ఎవరూ నన్ను అడగలేదు కూడా. మా వాడు చెప్పింది నిజం. ఈ ముగ్గురిలో ఇన్నేళ్ళు బాధపడుతున్నది నిజం చెప్పినవాడే. మాట నిజమా అబద్ధమా అన్న దగ్గరే ఆగిపోతే ఈ సంగతి మనకి ఎప్పటికీ అర్థం కాదు. “లేదు” అన్నది ఒక లెక్క. లెక్క చేశాక వచ్చిన సున్న వేరు, లెక్క చెయ్యకుండా వేసిన సున్న వేరు. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి, పొరపాటున రెండూ సరైనవే కావచ్చు. జీవితమంతా లెక్కలు రాసిన గుమాస్తా కాబట్టి మా వాడికి ఆ తేడా తెలుసు.

అందరూ డొక్కా సీతమ్మగారు కాలేరు కదా అనొచ్చు. గౌతమి దాటి కోనసీమలోకి వెళితే లంకల గన్నవరం ఆవిడది. 1841లో పుట్టి 1909లో పోయారు. వేళకాని వేళలో ఎవరొచ్చినా అన్నం పెట్టారు. అంతర్వేది తీర్థానికని బయల్దేరి, దారిలో ఎవరో ఆకలితో ఉన్న బాటసారులు సీతమ్మగారింటికి చేరితే చాలని అనుకుంటుండగా విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగిపోయారని చెప్పుకుంటారు. 2024లో ఆంధ్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. అలాంటి మనుషుల్ని తలుచుకున్నప్పుడు మనకి ఒక సౌకర్యం ఉంది. వాళ్ళు మహాత్ములు, మనం కాదు, అనేసి తప్పుకోవచ్చు. హేరోదుని తలుచుకున్నా అంతే: వాడు రాక్షసుడు, మనం కాదు. కాని సీతమ్మగారి కథలో నన్ను ఆపేది అన్నదానం కాదు. పల్లకీలో పోతూ బయటి మాట విన్నారు, అది.

మెక్సికోలో ఒక ఆచారం ఉంది. డిసెంబరు 16నించి 24దాకా తొమ్మిది రాత్రులు వీధివాళ్ళు యోసేపూ మరియల బొమ్మలు పట్టుకుని పాటలు పాడుతూ ఇంటింటికీ వెళతారు. బయటివాళ్ళు చోటడుగుతూ పాడతారు, లోపలివాళ్ళు లేదని పాడతారు. ఆఖరికి ఒక ఇంటివాళ్ళు తలుపు తీస్తారు, అందరూ లోపలికి వెళ్ళి విందు చేసుకుంటారు. పొసాదాస్ అంటారు దాన్ని. నాకు నచ్చిందేమిటంటే అక్కడ సత్రంవాడి వేషానికి ప్రత్యేకంగా ఒక మనిషి లేడు. ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళే తమ గొంతుతో, తమ తలుపు వెనకనించి, “లేదు” అని పాడాలి. వచ్చేయేడు యానాంలో అలా ఆడితే ఎలా ఉంటుందని మర్నాడు పొద్దున టీ తాగుతూ వాడితో అన్నాను.

“మా సందులో వద్దు” అన్నాడు వాడు.

మర్నాడు బయల్దేరాం. బయల్దేరేముందు వాళ్ళ మరదలు అరిటాకులో చుట్టి పులిహోర ఇచ్చింది. బస్టాండు దగ్గర రాత్రి సత్రంవాడి వేషం వేసిన కుర్రాడు కనబడ్డాడు. మెడికల్ షాపులో పనిచేస్తాడట. “ఎలా ఉంది తాతయ్యా నా యాక్షను?” అన్నాడు మా వాడితో. “బాగా చేశావురా అబ్బాయ్. ఆధార్ కార్డు బాగుంది” అన్నాడు వాడు. కుర్రాడు మురిసిపోయాడు.

బస్సులో కిటికీ వైపు వాడు కూర్చున్నాడు. కాసేపయ్యాక వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ ఉండడం చూశాను. జపమేమో అనుకున్నాను. “ఏమిట్రా?” అన్నాను.

“ఆ రాత్రి లోపలున్నవాళ్ళు. ఎప్పుడూ నలభై ఒకటి దగ్గర ఆగిపోతాను. ఇంకా ఉన్నారు” అన్నాడు. “మా అమ్మ, నాన్న, తమ్ముడు, మరదలు, నేను, అయిదు. చేపలమ్మే అప్పాయమ్మ మామ్మగారు, ఇద్దరు కోడళ్ళు, చంటిపిల్ల, తొమ్మిది. రిక్షా ఆయనా, పెళ్ళాం, ముగ్గురు పిల్లలు…”

“పధ్నాలుగు” అన్నాను.

తాళ్ళరేవులో బస్సు ఆగింది. జనం ఎక్కారు. ముందు సీట్ల దగ్గరే నిలబడిపోయారు. కండక్టరు “వెనక చోటుందండీ, జరగండి, జరగండి” అని అరుస్తున్నాడు. వాడు వేలు కణుపు మీదే ఉంచి, ఆ గోల అయ్యేదాకా ఆగి, మళ్ళీ పదిహేనునించి మొదలుపెట్టాడు.